పొందూరు ఫొటో టూర్: వెలుతురు బాగా నేర్పారు, ఫొటో కింద రాసిన మాటే తప్పు

శ్రీకాకుళం జిల్లాలో వారాంతాల్లో ఒక ‘డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ టూర్’ నడుస్తోంది. శనివారం పొద్దున్నే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దగ్గర ఎక్కించుకుంటారు. సన్నటి ఖద్దరుకు పేరున్న పొందూరు, సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నం, వలస పక్షులు వచ్చే తేలినీలాపురం తిప్పి ఆదివారం సాయంత్రానికి మళ్లీ అక్కడే దింపుతారు. మనిషికి 6,500 రూపాయలు. వ్యాను, భోజనాలు, రాత్రి బస, చివర్లో ఒక మంచి ప్రింటు అన్నీ అందులోనే. ప్రకటనలో “పోజులు లేవు, సెట్టింగులు లేవు, అసలైన పల్లె జీవితం” అని రాశారు. నేను ఆ మాట చూసే డబ్బు కట్టాను. అందుకే ఈ రివ్యూలో ముఖ్యంగా ఆ మాట సంగతే తేలుస్తాను.

కెమెరా వాడకం, వెలుతురు చూడటం నేర్చుకోవాలనుకుంటే పెట్టిన డబ్బుకు ఈ టూర్ సరిపోతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు తీయడం నేర్చుకోవాలనుకునేవాళ్లు మాత్రం వెళ్లకండి. అక్కడ చేయించేది దానికి పూర్తిగా ఎదురు. నిర్వాహకుల పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఫొటోల్లో ఉన్న ఆడవాళ్ల ఇళ్లు సులువుగా తెలిసిపోతాయి, ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. పద్ధతి ఏమిటో చెబితే చాలు, ఇలాంటిది ఎక్కడ ఎదురైనా మీరే పోల్చుకుంటారు.

మాది ఆమదాలవలస. హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా అమ్మమ్మది పొందూరు పక్క పల్లె, నూలు వడికేది. వేసవి సెలవుల్లో ఆవిడ పక్కన కూర్చుని పత్తిలో చెత్త ఏరిపెట్టేదాన్ని. సెకండ్ హ్యాండ్‌లో నికాన్ కెమెరా కొన్న దగ్గర్నుంచి ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా ఫొటోల్లో పెట్టాలని, తరగతిలో పిల్లలకు చూపించాలని కోరిక. టూర్‌లో పేరు ఇచ్చింది అందుకే.

ఏర్పాట్లకు వంక పెట్టను. వ్యాను చెప్పిన టైముకి వచ్చింది. భోజనం ఇంటి వంటలా ఉంది, ముఖ్యంగా శనివారం మధ్యాహ్నం పెట్టిన దప్పళం. శ్రీకాకుళంలో ఇచ్చిన గది శుభ్రంగా ఉంది, ఆడవాళ్లకు వేరే అంతస్తు ఇచ్చారు. మెంటర్ అని పిలిచే కుర్రాడు విశాఖ నుంచి వచ్చాడు. మర్యాదస్తుడు, విసుగులేని మనిషి. ఎన్నిసార్లు అడిగినా చెబుతాడు. చీకటి గదిలో తెల్ల దూది తీస్తే కెమెరా మీటరు చుట్టూ ఉన్న చీకటిని చూసి మోసపోతుందని, ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి తీసుకునే వెలుతురు, ఒక మెట్టు తగ్గించకపోతే దూదిలో పోగు కనిపించకుండా తెల్లటి మచ్చ అయిపోతుందని అతను చూపించిన తీరు నాకు చాలా ఉపయోగపడింది. కిటికీకి మనిషి ఎంత దూరంలో ఉంటే చేతి నరాలు కనిపిస్తాయో, ఎంత దగ్గరైతే పోతాయో కూడా అక్కడే తెలిసింది. ఇంతవరకూ మార్కులు పూర్తిగా వేస్తాను.

పొందూరులో జరిగింది చెప్పాలంటే ముందు అక్కడి పని వరస చెప్పాలి. కొండపత్తి కానీ, పునాసపత్తి కానీ, గింజతో ఉన్న పత్తిని మొదట చేత్తో ఏరి శుభ్రం చేస్తారు. తర్వాత వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకు సన్నటి పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. గింజను వేళ్ల మధ్య పట్టుకుని దువ్వితే దాన్ని అంటుకున్న పోగులన్నీ ఒకే వైపుకు సాగుతాయి, మిగిలిన నలుసులు రాలిపోతాయి. ఆ తర్వాతే చెక్క పలక మీద పెట్టి ఇనుప కడ్డీతో దొర్లించి గింజ వేరు చేస్తారు. ఆ పైన చిన్న విల్లుతో ఏకడం, అంటే దూదిని విడదీసి మెత్తబరచడం, దాన్ని వడకడానికి వీలుగా ఏకులు చుట్టడం. చుట్టిన ఏకులు నలగకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుంటారు. రాట్నం దగ్గరకు వచ్చేది అప్పుడు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. నూరో నంబరు నూలు అంత సన్నగా చేత్తో రావడానికి కారణం ఈ వరసే. దవడతో దువ్వడం గింజ ఉన్నప్పుడే చెయ్యాలి. గింజ పోయిన దూదిని దవడతో దువ్వితే పోగులు తెగి ముద్దవుతాయి తప్ప ఒరిగేదేమీ లేదు.

మేం వెళ్లిన ఇంట్లో వడికే ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. మేం వెళ్లేసరికి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ పక్కన చాప మీద కూర్చుని పత్తి దువ్వుతోంది. నీలం రంగు నైలాన్ చీర, దారం కట్టిన కళ్లజోడు. పక్కన ఫోన్‌లో ఏదో సీరియల్ నడుస్తోంది, చూడకుండా వింటోంది. ఒళ్లో గింజ పత్తి, చాప అంచున రాలిన నలుసులు. మెంటర్ మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపాడు. “ఇంకా రెడీ కాలేదు, ఇప్పుడే తీయకండి” అన్నాడు. అందరూ ఆగారు. నేను ఆగలేదు, తీసుకున్నాను.

ఆ తర్వాత అరగంట పైగా జరిగింది చూస్తే ఎవరికైనా బాధ కలుగుతుంది. కుర్చీ బయటికి పోయింది. ఫోన్ పోయింది. గోడ మీద సహకార బ్యాంకు క్యాలెండర్ దించారు. ట్యూబ్‌లైట్, ఫ్యాన్ ఆపేశారు. ఆవిడను వరండాలోంచి లోపలి గదికి మార్చారు. తలుపు ఓరగా వేసి, సందులోంచి పడే ఎండలో కిరణాలు కనిపించడానికి ధూపం పాత్రలో సాంబ్రాణి వేశారు. దూది ఉన్న గదిలో నిప్పులు, పొగ! ఆవిడ గబగబా బుట్ట మీద కొంగు కప్పేసింది. “పొగ ముట్టుకుంటే దూది ఎర్రబారిపోద్ది బాబూ, ఈ నూలు ఎవలు తీసుకుంటారు?” అంది. ఒక్క నిమిషమే మామ్మగారూ అని పొగ ఇంకా పెంచారు.

తర్వాత మెంటర్ బ్యాగులోంచి తెల్ల చీర తీశాడు. అంచు కూడా లేని తెల్ల చీర. ఖద్దరు కదా, తెల్లగా ఉంటే ఫొటోకి నిండుగా ఉంటుందని అతని ఉద్దేశం. ఆవిడ చీరకేసి చూసి, అరుగు మీద కూర్చున్న భర్తకేసి చూసింది.

“మా ముసలాయన ఆడ కూకున్నాడు కదా బాబూ, నానెలా కడతాను ఇది?”

ఆ మాటతో ఆగిపోవాల్సింది. ఆగలేదు. పక్కింటి నుంచి ఇంకో ముసలావిడను పిలిపించారు. ఆవిడ వడకడం మానేసి చాలా కాలమైందట, వేళ్లు వంగిపోయాయి. తెల్ల చీర కట్టించారు. కళ్లజోడు తీయించారు. ముందు చేతికి చేప దవడ ఇచ్చి, ఏకడానికి సిద్ధంగా ఉన్న గింజ తీసిన దూదిని ఒళ్లో పోశారు. దూది మెత్తగా, మేఘంలా కనిపిస్తుందని. ఇంటావిడ పక్కన నిలబడి చూస్తూ ఊరుకోలేకపోయింది.

“గింజ తీసేసిన దూదిని దవడతో దువ్వుతారేటి? పాడైపోద్ది, ఇటివ్వండి.”

ఎవరూ వినిపించుకోలేదు. తర్వాత అదే మనిషిని రాట్నం ముందు కూర్చోబెట్టి తిప్పమన్నారు. రాట్నం తిరుగుతోంది, నూలు చుట్టుకోవాల్సిన కదురు మీద నూలు లేదు. గదిలో అన్ని కెమెరాలూ టకటకమని మోగాయి. నిజంగా ఆ పని చేసే మనిషి, ఆ ఇంటి మనిషి, తన రాట్నానికి నాలుగడుగుల దూరంలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఒక్క కెమెరా కూడా ఆవిడ వైపు తిరగలేదు.

పొగ పోవాలని తలుపు బార్లా తీసినప్పుడు నేను ఆవిడ దగ్గరకు వెళ్లి, “మామ్మా, ఇలా చేయించినందుకు మీకు కోపంగా లేదా?” అని అడిగాను. “సుట్టాల్లాగ ఇంటికొచ్చినోల్లని ఏటంటాం అమ్మా” అంది. ఆ మర్యాద మీదే ఈ టూర్లన్నీ నడుస్తున్నాయని నాకు అనిపించింది. ఇంటికొచ్చిన మనిషి మొహం మీద కాదనలేని ఊళ్లు మావి. ఆవిడ ఒప్పుకోవడాన్ని ఇష్టపడటం కింద లెక్క వేయకూడదు.

మధ్యాహ్నం వ్యానులో మెంటర్‌తో గట్టిగానే వాదించాను. అతను చదువుకున్నవాడు, మాట దాటెయ్యలేదు. గొప్పవాళ్లందరూ చేసిందే చేశాం మేడమ్ అన్నాడు. పారిస్ వీధిలో ముద్దు ఫొటో తీసిన రాబర్ట్ డువానో పేరు చెప్పాడు. నిజమే, 1950లో లైఫ్ పత్రిక కోసం తీసిన ఆ జంట దారిన పోయేవాళ్లు కాదు, నటన నేర్చుకుంటున్న కుర్రాడూ అమ్మాయీ. కానీ లోకం దాన్ని దారిలో దొరికిన క్షణంగానే చూసింది. అసలు సంగతి 1990ల్లో కోర్టు కేసుల దాకా వెళ్తే గానీ బయటికి రాలేదు. ముద్దు ఫొటో వల్ల ఎవరికీ అన్నం పోలేదు, నిజమే. అందుకే నేను అతనికి వేరే ఉదాహరణ చెప్పాను.

1936లో అమెరికాలో కరువు. ప్రభుత్వ పునరావాస శాఖ తరఫున ఆర్థర్ రోత్‌స్టీన్ అనే యువకుడు సౌత్ డకోటాలో ఫొటోలు తీస్తున్నాడు. బీటలు వారిన నేల మీద ఒక ఎద్దు పుర్రె దొరికింది. దాన్ని కొన్ని అడుగులు జరిపి వేర్వేరు చోట్ల పెట్టి తీశాడు. కరువు అబద్ధం కాదు, పుర్రె అబద్ధం కాదు. జరిపింది కొన్ని అడుగులే. అయినా ఆ వేసవిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కరువు ప్రాంతాల పర్యటనకు వచ్చినప్పుడు ప్రతిపక్షం పత్రికలు ఆ పుర్రెను పట్టుకున్నాయి. ప్రభుత్వం చూపిస్తున్న ఫొటోలన్నీ ఇలాంటివేనని రాశాయి. పంట ఎండిపోయిన రైతుల ఫొటోలు కూడా ఆ దెబ్బకు అనుమానంలో పడ్డాయి. ఎవరి కష్టం చూపించడానికి బయలుదేరారో ఆ మనుషులకే నష్టం జరిగింది.

పొందూరుకు ఇది ఇంకా దగ్గరి సంగతి. మిల్లు నూలు బట్టకు పొందూరు ఖద్దరని పేరు పెట్టి అంటగట్టే షాపులతో ఈ ఊరు ఇప్పటికే బాధపడుతోంది. ఇక్కడి బట్టకు ధర వచ్చేది ఒక్క నమ్మకం మీదే: ఇది చేత్తో దువ్వి, చేత్తో ఏకి, చేత్తో వడికి, చేత్తో నేసిందని. ఆ నమ్మకానికి సాక్ష్యం కావాల్సిన ఫొటోలో నూలు లేని కదురు తిరుగుతుంటే, తెలిసిన మనిషి చూసి ఇదంతా నాటకమే అంటే, ఏమని జవాబు చెబుతాం?

కుర్చీ, ఫోన్, క్యాలెండర్ తీసేయడం చిన్న సంగతి కదా అన్నాడతను. ఇక్కడే నాకు ఎడ్వర్డ్ కర్టిస్ గుర్తొచ్చాడు. అమెరికా ఆదివాసుల జీవితం అంతరించిపోతోందని ఎన్నో ఊళ్లు తిరిగి ఫొటోలు తీసినవాడు. 1910 నాటి ఒక ఫొటోలో పీగన్ తెగ గుడారంలో ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉంటారు. వాళ్ల మధ్య ఒక గడియారం ఉండేది. అచ్చు వేసేటప్పుడు దాన్ని చెరిపేశారు. చూసేవాళ్లకు ఈ మనుషులు గడియారం ఎరగని పాతకాలం వాళ్లని అనిపించాలి కాబట్టి. ఆ ఫొటో ఇచ్చే అబద్ధం గడియారం గురించి కాదు, ఆ మనుషుల గురించి. సీరియల్ వింటూ నూరో నంబరు నూలుకు పత్తి దువ్వే ఆవిడ ఇవాళ్టి మనిషి. కూలి గిట్టుబాటు గురించి, పింఛను గురించి మాట్లాడే మనిషి. ఫోన్ తీసేస్తే ఆవిడ గాంధీగారి కాలంలో మిగిలిపోయిన బొమ్మ అవుతుంది. బొమ్మ కూలి పెంచమని ఎక్కడ అడుగుతుంది!

గాంధీగారి మాట వచ్చింది కాబట్టి. పొందూరు ఖద్దరు అంత సన్నంగా ఎలా వస్తోందో చూసి రమ్మని ఆయన తన కొడుకు దేవదాస్‌ను ఇక్కడికి పంపారు. ఆ తర్వాత తన పత్రిక యంగ్ ఇండియాలో ఇక్కడి పనితనం గురించి రాశారు. మనిషిని పంపి చూసి రమ్మన్న తర్వాతే రాయడం, అదీ డాక్యుమెంటరీ అంటే. 1946లో అమెరికా ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్-వైట్ పుణేలో ఆయన ఫొటో తీయడానికి వస్తే, ముందు రాట్నం తిప్పడం నేర్చుకోండి, తర్వాత తీద్దురుగాని అన్నారు ఆయన కార్యదర్శి. ఆవిడ నేర్చుకుంది కూడా. లోకమంతా తెలిసిన ఆ ఫొటోను ఒకసారి మళ్లీ చూడండి. గాంధీగారు నూలు వడకడం లేదు. కాగితాలు చదువుకుంటున్నారు, రాట్నం ముందుపక్కన ఉంది. ఆయన చేత వడికిస్తున్నట్టు నటింపజెయ్యకుండానే అంత గొప్ప ఫొటో వచ్చింది. ఈ టూర్‌లో వచ్చినవాళ్లలో ఒక్కరికైనా ముందు ఒక గంట దూది చేతికిచ్చి కూర్చోబెట్టి ఉంటే, గింజ లేని దూదిని దవడతో దువ్వించే ఆలోచనే రాదు. నా వరకూ ఈ టూర్‌లో పెద్ద లోటు అదే. పొగకు, చీరకు సామాను మోసుకొచ్చారు. పని తెలిసిన ఆవిడ చేత పదిహేను నిమిషాలు పని గురించి చెప్పించడానికి మాత్రం టైము లేదు.

పోజు పెట్టించడమే తప్పని నేను అనడం లేదు, దీన్ని సరిగ్గా అర్థం చేసుకోండి. మా చిన్నప్పుడు శ్రీకాకుళం స్టూడియోల్లో తాజ్‌మహల్ పరదా ముందు నిలబడి ఫొటోలు దిగాం. ఆ పరదాను చూసి ఆగ్రా వెళ్లామని ఎవరూ అనుకోలేదు. ఒక మనిషి తనకు నచ్చిన చీర కట్టుకుని, తన రాట్నం పక్కన కెమెరాకేసి చూస్తూ కూర్చుంటే అది పోర్ట్రెయిట్. అందులో మోసం లేదు, పైగా తను ఎలా కనబడాలో తనే నిర్ణయించుకుంది. ఆ ఇంటి మామ్మను అడిగి ఉంటే పండక్కి కట్టుకునే పట్టంచు చీర కట్టుకుని భర్త పక్కన కూర్చునేది. అది ఎంత మంచి ఫొటో అయ్యేది!

ఆదివారం తెల్లవారుజామున కళింగపట్నం. లైట్‌హౌస్ దగ్గర తీరం, మంచు, నెమ్మదిగా వచ్చే వెలుతురు. అక్కడ కూడా ఇదే కథ కాబట్టి ఎక్కువ రాయను. ఒడ్డున కొంత దూరంలో నిజంగానే పెద్దవల లాగుతున్నారు. ఆడా మగా అందరూ చేరి తాడు పట్టుకుని ఇసుకలో వెనక్కి నడుస్తున్నారు. మమ్మల్ని అటు పోనివ్వలేదు. డబ్బులిచ్చి తెచ్చిన ఒక మనిషి సూర్యుడికి ఎదురుగా నిలబడి విసురువల విసురుతూనే ఉన్నాడు. చేపల కోసం కాదు, వల గాల్లో గుండ్రంగా విచ్చుకోవడం కోసం. నేను గుంపును వదిలేసి పెద్దవల వైపు వెళ్లాను. వల ఒడ్డుకు చేరాక చేపల్ని వాటాలు వేసుకునే చోట వచ్చిన ఫొటోలు నా దగ్గరున్న వాటిలో చాలా ఇష్టమైనవి.

తేలినీలాపురం మాత్రం చక్కగా జరిగింది. జనవరి కాబట్టి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా ఉన్నాయి. పిల్లలకు మేత పెడుతున్నాయి. ఇక్కడ మెంటర్ ఎవరినీ చప్పట్లు కొట్టనివ్వలేదు, ఎగరగొట్టే ప్రయత్నం చెయ్యనివ్వలేదు. “అవి వాటి పని చేసుకుంటాయి, మనం ఓపిగ్గా ఉండాలి” అన్నాడు. ఊరివాళ్లు ఆ పక్షుల్ని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు, కదిపితే ఊరుకోరు. ఆ ఓపిక నాకు బాగా నచ్చింది. దాన్నే ముందు రోజు పొందూరులో ఎందుకు చూపించలేదని అప్పుడే అడిగాను కూడా. నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు.

టూర్ అయ్యాక ఆల్బమ్ పంపారు. మా బ్యాచ్‌లో ఉత్తమ ఫొటోగా ఎంపికైంది తెల్ల చీర ముసలావిడ రాట్నం తిప్పుతున్న ఫొటోనే. పొగలో కిరణాలు, వంగిన వేళ్లు. చూడటానికి చాలా అందంగా ఉంది, అది కాదనను. కింద రాసిన మాట: “రోజువారీ పనిలో పొందూరు నేత కార్మికురాలు.” ఆవిడ ఇప్పుడు ఆ పని చెయ్యడం లేదు. చేసిన రోజుల్లో కూడా నెయ్యలేదు, వడికింది. రాట్నం ఆవిడది కాదు, ఇల్లు ఆవిడది కాదు, చీర ఆవిడది కాదు. ఆ వాక్యం మొత్తంలో సరైన మాట ‘పొందూరు’ ఒక్కటే. చూసే తెలుగువాళ్లెవరైనా ఆ చీరను బట్టి ఆవిడ జీవితం గురించి ఇంకో సంగతి కూడా ఊహించేసుకుంటారు. అది ఆవిడ విషయంలో నిజమా కాదా అన్నది ఎవరూ అడగలేదు.

రెండు ఫొటోలూ, అంటే ఆల్బమ్‌లో దవడ పట్టుకున్న ఫొటో, నేను గుమ్మంలో నుంచి తీసిన ఫొటో, తొమ్మిదో తరగతిలో చూపించాను. ఏమీ చెప్పలేదు. పొందూరు వైపు నుంచి వచ్చే ఒక పిల్ల వెంటనే లేచి, “టీచర్, ఈ ఫొటోలో దూదికి గింజల్లేవేటి?” అని అడిగింది. వాళ్ల నానమ్మ వడుకుతుంది. నా ఫొటోలో సీరియల్ ఆగి ఉన్న ఫోన్ చూసి పిల్లలందరూ నవ్వారు, తర్వాత దాని గురించే బోలెడు ప్రశ్నలు వేశారు. రోజుకి ఎంత వస్తుంది, కళ్లు నొప్పెట్టవా, ఆవిడ తర్వాత ఎవరు చేస్తారు. మేఘంలాంటి దూది ఫొటో చూసి ఎవరూ ఏమీ అడగలేదు.

డబ్బు సంగతి కూడా రాయాలి. మాతో వచ్చినవాళ్లలో కొందరు, మోడల్‌కు డబ్బిస్తే చాలదా అన్నారు. డబ్బివ్వడం మంచిదే, ఇవ్వాలి కూడా. వడికేవాళ్లకు నూలు లెక్కన డబ్బు వస్తుంది కాబట్టి మనం కూర్చోబెట్టిన ప్రతి గంటా వాళ్లకు నష్టమే. కానీ ఇచ్చినది తెల్ల చీర కట్టిన ఆవిడకే. ఇల్లు, రాట్నం, దూది ఇచ్చి, పొద్దుటి పనంతా పోగొట్టుకున్న మామ్మకు టీ డబ్బులిచ్చి వచ్చేశారు. ఈ విషయం నిర్వాహకులకు రాస్తే వెంటనే ఒప్పుకుని తర్వాత పంపించారు. ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

ఫొటో కింద రాసినదాని గురించి రాసిన ఉత్తరానికి మాత్రం వేరే జవాబు వచ్చింది. ఇది ఆర్ట్ అని, చూసేవాళ్లకు పొందూరు మీద ప్రేమ కలిగితే చాలని. 2018లో ఇటలీ ఫొటోగ్రాఫర్ అలెసియో మామో తీసిన ఫొటోలు బయటికి వచ్చినప్పుడు మన దేశంలో ఎంత గొడవ అయిందో వాళ్లకు గుర్తు చేశాను. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ పల్లెల్లో పేదవాళ్ల ముందు బల్ల పెట్టి, దాని మీద ఉత్తుత్తి తిండి పేర్చి, కళ్లు మూసుకుని మీకు కావాల్సిన తిండిని ఊహించుకోండన్నాడు. ఆకలి గురించి లోకానికి తెలియాలన్నదే తన ఉద్దేశమని అతనూ చెప్పాడు. ఉద్దేశం ఏదైనా, ఎదుటి మనిషిని తన బొమ్మకు సామానుగా వాడుకున్నాడని జనం కోప్పడ్డారు. న్యాయమైన కోపం. నేను వాళ్లను అడిగింది ఫొటో తీసేయమని కూడా కాదు. “మా టూర్ కోసం ఏర్పాటు చేసిన దృశ్యం” అని ఒక్క మాట చేర్చండి, ప్రకటనలో “సెట్టింగులు లేవు” అన్న మాట తీసేయండి అని మాత్రమే. ఇది రాసే నాటికి రెండూ జరగలేదు.

నా ప్రింటు కోసం వాళ్లు ఎంపిక చేసిన ఫొటోను తీసుకోలేదు. గుమ్మంలో తీసినదాన్ని శ్రీకాకుళంలోనే ఇంకో ల్యాబ్‌లో ప్రింటు చేయించి మామ్మకు పట్టుకెళ్లి ఇచ్చాను. చూసి, “ఆ కుర్సీ కూడా పడిపోనాది” అంది. తర్వాత ఫొటోలో పత్తిని వేలితో చూపించి, ఇది పునాస పత్తి, ఆ యేడు బాగా వచ్చింది అని భర్తకు చెప్పింది.

సొంతంగా వెళ్లాలనుకునేవాళ్లకు: ఆమదాలవలస నుంచి పొందూరు దగ్గరే, ఆటోలూ బస్సులూ దొరుకుతాయి, పొందూరుకు సొంత రైల్వే స్టేషన్ కూడా ఉంది. 1949 నుంచి నడుస్తున్న ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం దగ్గరికి ముందు వెళ్లి, ఎవరి ఇంటికి ఎప్పుడు వెళ్తే వాళ్ల పనికి అడ్డం రాదో కనుక్కోండి. మొదటి గంట కెమెరా బ్యాగులోంచి తీయకండి. ఏకు చేతికిస్తే తీసుకోండి, మీరు తీసే నూలు తెగుతుంది, తెగనివ్వండి. పొగ అక్కర్లేదు. గదిలో వెలుతురు చాలకపోతే కెమెరాలో ఐఎస్‌ఓ పెంచండి, తక్కువ వెలుతురులోనూ ఫొటో వస్తుంది. గ్రెయిన్, అంటే ఫొటోలో గరుకు చుక్కలు, వస్తే రానివ్వండి.

ఇదే సంస్థ దసరా తర్వాత విజయనగరం సిరిమానోత్సవానికి కూడా టూర్ వేస్తోంది. ప్రకటనలో, పండగకు ముందు రోజు వేషగాళ్లతో “ప్రత్యేక సెషన్” ఉంటుందని చూశాను. పైడితల్లమ్మ పండగను తీయడానికి వెళ్లేవాళ్లు ఎడ్వాన్స్ కట్టే ముందు రెండు సంగతులు అడిగి రాతలో తీసుకోండి: ఆ సెషన్ ఫొటోల్ని పండగ ఫొటోలతో కలిపి ఒకే ఆల్బమ్‌లో పెడతారా, పెడితే వాటి కింద ఏమని రాస్తారు. జవాబు సూటిగా వస్తే వెళ్లండి. రాకపోతే పండగ జరిగే మంగళవారం మధ్యాహ్నం విజయనగరం మూడు లాంతర్ల సెంటర్ దగ్గర జనంలో నిలబడటానికి ఎవరికీ 6,500 కట్టక్కర్లేదు.